నెర్రె వాకిట దుప్పికొమ్ము

జూన్ 27

వేసవికి ఆవులతో కొండమీది పై మేతకు వచ్చి వారమయింది. ఆవులు కుదురుకున్నాయి. చీజ్ కాచే రాగి కాగు తోమాను. జోస్ట్ పొగగొట్టం బాగుచేసి, చేతులు కడుక్కోకుండానే రొట్టె తిన్నాడు. యాభై దాటినా తమ్ముడు తమ్ముడే.

సాయంత్రం పాలు వడకట్టే చెక్క గరాటు తీసుకుని బండ ఎక్కాను. నాన్న పోయినప్పటినుంచి సాయంకాలపు పిలుపు నాదే. గరాటు నోటికి ఆనించి, మరియమాతనూ పునీతులనూ పేరుపేరునా పిలిచి, కొండమీదున్న మనిషినీ గొడ్డునూ వాళ్ళకు అప్పగించాలి. గొంతు వినబడినంత మేర ఆ రాత్రికి కీడు లేదు. ఈ ఏడు గొంతు ఇంకా తెరుచుకోలేదు. ఎదుటి కొండదాకా వెళ్ళిందో లేదో. వెళ్ళినా అటునుంచి బదులు రాదు. బదులు కోసం పిలవడం లేదు.

జూలై 4

చెల్లెలు గ్రిట్లి వచ్చింది. వీపున మూట, నడుముకు సుత్తి, ఎండకు కమిలిన ముక్కు. విశ్వవిద్యాలయంలో పిల్లలకు పాఠాలు చెప్పే మనిషి, వాకిట్లోకి రాగానే "పెద్దక్కా, మీగడ ఉందా?" అంది.

కొన్ని వేసవులుగా మన పాకకు దిగువన నల్లబండ పంచన తవ్వుతోంది. వేలవేల ఏళ్ళ కిందట అక్కడ ఎవరో కూర్చుని స్ఫటికాలు పగలగొట్టి కత్తులు చేసుకున్నారట. బొగ్గు దొరికింది, కాలిన ఎముక దొరికింది. స్ఫటికపు పెచ్చులు లెక్కలేనన్ని. నేను చిన్నప్పటినుంచీ ఆవులను తోలుకుపోయే దారి అది. ఒక్క పెచ్చు కూడా నా కంటబడలేదు.

ఆ స్ఫటికాలు కొండరాతిలో ఏ నెర్రెలోనివో తెలియాలి. మంచు కింద తప్ప ఈ కొండల్లో చూడని చోటు లేదు. విశ్వవిద్యాలయం ఇదే ఆఖరు వేసవి అందట. నెర్రె దొరికితే పని సాగుతుంది. దొరక్కపోతే గొయ్యి మట్టితో పూడ్చేసి, పెట్టెలు అటకమీద పెట్టేసుకోవాలి.

"దొరక్కపోతే ఏం చేస్తావే?"

"ఏడుస్తాను. తర్వాత పూడుస్తాను," అంది.

జూలై 6

వాన. గ్రిట్లి టార్పాలిన్ కింద బోర్లా పడుకుని, పళ్ళు తోముకునే బ్రష్‌తో మట్టి తుడుస్తోంది. సూప్ తీసుకెళ్ళాను. ఒక పెచ్చు తీసి నాలుకతో తడిపి వెలుతురుకు ఎత్తి పట్టింది. చిన్నప్పుడు రాళ్ళు నాకితే వీపుమీద ఒకటి వేసేదాన్ని.

"తడిపితే లోపలిది కనబడుతుంది, చూడు."

చూశాను. నీళ్ళలా తేటగా ఉన్న రాయిలో పచ్చటి పోగులు. నాచును గాజులో పోత పోసినట్టు. కొండలు లేచేటప్పుడు రాతిలో నెర్రెలు విచ్చుకున్నాయట. వాటిలోకి వేడినీళ్ళు చేరాయట. ఆ నీళ్ళలోంచి స్ఫటికం పెరిగిందట, మనిషన్నవాడు పుట్టకముందే. పచ్చపోగులు ముందు పెరిగాయి, స్ఫటికం వచ్చి వాటిని కప్పింది. ఇవి చెబుతున్నప్పుడు ఆ పిల్ల ముఖం గుడిలో మొదటి దివ్యసత్ప్రసాదం తీసుకున్న నాటిలా ఉంది.

సూప్ చల్లారింది. 

జూలై 12

రాత్రి భోజనానికి మాకరోని, ఆపిల్ గుజ్జు. గ్రిట్లి పెచ్చులను గుడ్డమీద పరిచి జోస్ట్‌కు చూపించింది. జోస్ట్ నాన్నలాగే స్ఫటికాలు తీస్తాడు. వేసవి చివర గునపం పట్టుకుని వెళితే వారం తర్వాత గడ్డంతో తిరిగొస్తాడు. ఎక్కడినుంచో చెప్పడు. ఈ లోయలో ఎవరూ చెప్పరు.

జోస్ట్ పెచ్చును దీపం దగ్గరకు తీసుకెళ్ళాడు. చాలాసేపు చూశాడు. గుడ్డమీద పెట్టేశాడు.

"అన్నయ్యా, నీకిది తెలుసు."

"నాకు తెలిసినవి చాలా ఉన్నాయి."

"ఎక్కడ?"

"ఉప్పు ఇటివ్వు."

"ఎక్కడ అన్నయ్యా?"

"ఉప్పు."

మాకరోని సగం వదిలేసి లేచాడు. అలసిపోయి ఉంటాడు.

జూలై 13

ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. నేను ఎవరి పక్షమూ కాదు. గ్రిట్లికి కొంచెం మీగడ ఎక్కువ వేశాను.

జూలై 19

పాలు పితికేటప్పుడు జోస్ట్ తనంతట తనే చెప్పాడు. ఆవు కడుపుకు నుదురు ఆనించి, ఆవుతో చెబుతున్నట్టు చెప్పాడు.

"పైన మంచు కనుమ దగ్గర ఉంది అక్కా. చూసి చాలా ఏళ్ళయింది. కింద రాళ్ళ జారులో పచ్చపోగు ముక్కలు రాలి ఉన్నాయి. ఒకటి తీసుకుని మళ్ళీ అక్కడే పెట్టేశాను."

"ఎందుకు పెట్టేశావు?"

"పైన నెర్రె వాకిట పనిముట్టు ఉంది. మంచులోంచి కొస కనబడింది. పనిముట్టు కనబడ్డాక ఇంకో అడుగు వేస్తామా? అక్కడినుంచే తిరిగొచ్చాను."

వేయం. వాకిట ఎవరి పేరు అక్షరాలు చెక్కిన పనిముట్టు ఉంటే నెర్రె వాళ్ళది. వాళ్ళు గానీ వాళ్ళింటివాళ్ళు గానీ తీసేదాకా అది వాళ్ళదే. ఒకరి చోటు ఇంకొకరికి చెప్పినవాడి పక్కన గుడిలో ఎవరూ కూర్చోరు.

"ఎవరిదది?"

"ఎవరిదో నీకు తెలియదూ? ఆ రోజు నేను దిగుతుంటే అటే వెళుతూ ఎదురయ్యాడు, ఏమీ ఎరగనట్టు. మన కొండ ఎక్కడం మానేసింది కూడా ఆ ఏడే."

మెల్క్. ఆ పేరు ఈ ఇంట్లో విని చాలా ఏళ్ళయింది. అంతకుముందు పిలుపు ముగియగానే ఎదుటి కొండనుంచి మెల్క్ కూత వచ్చేది. శీతాకాలంలో పేకాటకు వచ్చేవాడు. జోస్ట్‌కోసం వచ్చేవాడు.

"అంత మంచి నెర్రె పెట్టుకుని ఇన్నేళ్ళుగా తవ్వడు, వదలడు. వాడి పొగరు వాడిది," అన్నాడు జోస్ట్.

"వెళ్ళి అడగొచ్చుగా."

"అడగడమంటే నీ చోటు నేను చూశానని చెప్పడం. నేను పోను."

పొదుగు కడిగాను. అప్పటికే కడిగానని తర్వాత గుర్తొచ్చింది.

జూలై 22

గ్రిట్లి కనుమవైపు దుర్భిణి పెట్టి చూసి వచ్చింది.

"మంచు ఎన్నడూ లేనంత వెనక్కి పోయింది పెద్దక్కా. వేల ఏళ్ళు మంచులో ఉన్న కర్ర గానీ తోలు గానీ బయటపడితే ఒక్క వేసవిలో ఎండి పొడైపోతుంది. నెర్రె అక్కడుంటే ఈ ఏడే చూడాలి. వచ్చే ఏడు చూడటానికి ఏమీ ఉండదు."

నాతోనే చెప్పింది. కానీ గట్టిగా చెప్పింది. జోస్ట్ గుమ్మం బయట కొడవలి నూరుతున్నాడు. నూరుడు ఆగింది. 

చెల్లెలి పని నిలబడాలంటే తమ్ముడి మాట పోవాలి. తమ్ముడి మాట నిలబడాలంటే గొయ్యి పూడ్చాలి. జపమాల చెప్పుకుంటూ మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలుపెట్టాను.

జూలై 26, అన్నమ్మగారి పండుగ

ఎదుటి కొండకు వెళ్ళాను. దారిలో చిన్నగుడిలో అన్నమ్మగారికి కొవ్వొత్తి వెలిగించాను. గుడికి వెళుతున్నానని జోస్ట్‌తో చెప్పాను. అబద్ధం కాదు. అంత దిగి ఎక్కినా మోకాలు బాగానే ఉంది.

మెల్క్ కంచె కొడుతున్నాడు. నన్ను చూసి సుత్తి కిందపెట్టి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ పెట్టాడు. జుట్టంతా తెల్లబడింది.

"ఎవరైనా పోయారా ఆగతా?"

"ఎవరూ పోలేదు."

"మరి ఈ మంచి బట్టలేమిటి?"

"పండుగ."

కాఫీ పెట్టాడు. అందులో సారా పోయబోయి, నా ముఖం చూసి, తన కప్పులోనే పోసుకున్నాడు. నేను సూటిగా అడిగేశాను.

"మంచు కనుమ దగ్గర నీ నెర్రె ఉందటగా. మా గ్రిట్లికి చూపించు. నీ రాయి ఒక్కటీ తీసుకోదు. చూసి, కొలుచుకుని వచ్చేస్తుంది."

కప్పు పెదవులదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నా నెర్రా? అక్కడ నాదేముంది? అది మీ జోస్ట్‌ది కదా!"

"నీదని వాడంటున్నాడు."

"వాడికేమైనా మతి పోయిందా? ఆ రోజు అటునుంచే దిగుతూ ఎదురయ్యాడు, దొంగపిల్లి మొహం పెట్టుకుని. పైకి వెళ్ళి చూద్దును కదా, వాకిట పనిముట్టు! ఓహో, అదా సంగతి అనుకుని వెనక్కి తిరిగాను. పోనీ తవ్వుకుంటాడా అంటే అదీ లేదు. పొదిగే కోడిలా దానిమీద కూర్చున్నాడని తిట్టుకోని రోజు లేదు."

"వాడూ నిన్ను రోజూ తిట్టుకుంటున్నాడు."

మెల్క్ నవ్వబోయాడు. నవ్వు సగంలో పోయింది.

"అంటే ఇన్నేళ్ళూ..." అన్నాడు.

కాఫీ తాగాను. చల్లారిపోయింది.

"గునపంమీద అక్షరాలేమిటో చూడలేదా?" అన్నాను.

"దగ్గరికి పోతేగా! పైగా అది గునపమేం కాదు. దుప్పికొమ్ము. చెల్లెల్ని చదివించి వీడికి ఇనుము కొనే గతి కూడా లేకుండా పోయింది కాబోలు అనుకున్నాను, పాపం."

సాయంత్రం ఇంట్లో చెప్పాను. జోస్ట్ బల్లమీద గుద్దాడు. "దుప్పికొమ్మే! నేనూ చూశాను. నన్ను వెక్కిరించడానికే పెట్టాడనుకున్నాను వెధవ!"

గ్రిట్లి చేతిలో చెంచా ఆగింది. "కొమ్మా? ఇనుము కాదా? మంచులోంచి వస్తోందా?"

"అవునే. చెబుతున్నాను కదా."

లేచి గుమ్మంలోకి వెళ్ళి కూర్చుంది. నా ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చూస్తే ఏడుస్తోంది.

"ఆ నల్లబండ దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇనుము లేదు పెద్దక్కా," అంది. "వాళ్ళ గునపం అదే."

జూలై 27

జోస్ట్ ఇంకా కదలడు. "అంత పాతదని నువ్వనుకుంటున్నావు. రేపు ఎవడో వచ్చి నాదంటే? ముందు అడగాలి. అడిగాకే వెళ్ళాలి."

గ్రిట్లి వాదిస్తుందనుకున్నాను. "సరే అన్నయ్యా, అడుగు," అంది. నాన్న చూసి ఉంటే బాగుండేది.

జూలై 28, ఆదివారం

పూజ అయ్యాక జోస్ట్ గుడి మెట్లమీద నిలబడి అడిగాడు. స్ఫటికాలు తీసేవాళ్ళంతా ఉన్నారు. మనవాడికి చెమటలు పట్టాయి.

"కనుమ దగ్గర నెర్రె. వాకిట దుప్పికొమ్ము. ఎవరిదైనా అయితే చెప్పండి."

ఎవరూ పలకలేదు. వెనకనుంచి ఎవరో "పోయి దుప్పినే అడగరా" అన్నారు. అందరూ నవ్వారు. మెల్క్ మాత్రం నవ్వకుండా ముందుకొచ్చాడు. "నాది కాదు. నేనూ చూశాను. దగ్గరికి పోలేదు," అని అందరికీ వినబడేలా చెప్పి జోస్ట్ పక్కన నిలబడ్డాడు.

ఫాదర్‌గారు అన్నారు: "అడగాల్సింది అడిగారు. ఇక వెళ్ళండి. మంచు మీకోసం ఆగదు."

జూలై 30

తెల్లవారగానే మెల్క్ తాడు భుజాన వేసుకుని వచ్చాడు. జోస్ట్, మెల్క్ పలకరించుకోలేదు. తాడు మాత్రం ఒకటే కట్టుకున్నారు. మధ్యలో గ్రిట్లి. నా పాల క్యాన్ ఒకటి అడిగి తీసుకెళ్ళింది.

జూలై 31

పైన మంచు కురుస్తోంది. మధ్యాహ్నమే పిలుపు చెప్పాను. సాయంత్రం మళ్ళీ చెప్పాను. ఒక్కసారే చెప్పాలి.

ఆగస్టు 1

రాలేదు. ఇవాళ్టి చీజ్ సరిగా కుదరలేదు. దిగులేమీ లేదు.

ఆగస్టు 2

వచ్చారు. ముందు కుక్క మొరిగింది. తర్వాత మెల్క్ గొంతు వినబడింది: "ఆగతా, ఏదైనా వేడిగా పెట్టు! ఈ పంతులమ్మ మమ్మల్ని చలికి చంపేసింది!"

జోస్ట్ వీపుమీద నా పాల క్యాన్. నిండా మంచు కుక్కి ఉంది. మంచులో, తడిగుడ్డలో, కొమ్ము. లోపలికి తేవడానికి వీల్లేదంది గ్రిట్లి. పాలగదిలో చల్లటి మూల పెట్టాం. గుడ్డ కొంచెం తొలగించి చూపించింది. నల్లగా, నున్నగా ఉంది. మధ్యలో తోలు పట్టీ ముడి ఇంకా ఉంది.

చెప్పిందంతా మెల్కే. వాళ్ళు నెర్రె కిందికి చేరేసరికి మంచు పడటం మొదలైందట. గ్రిట్లి ఇద్దర్నీ బయటే కూర్చోబెట్టింది. ముందు చూసింది. తర్వాత బొమ్మ గీసింది, ఫొటోలు తీసింది, దారాలు కట్టి కొలిచింది. వేళ్ళు వంకర్లు పోతుంటే చంకలో పెట్టుకుని వెచ్చబెట్టి మళ్ళీ గీసింది. దేన్నీ ముట్టుకోలేదు.

"అమ్మాయ్, పెళ్ళికూతుర్ని కూడా ఇంతసేపు చూడరు. ఇక తీయవే అన్నాను. వినదే! కాగితం తడుస్తోందని తన టోపీ తీసి కాగితానికి కప్పింది. తల గడ్డకట్టినా పరవాలేదుట." మెల్క్ తల ఊపాడు. "మీ నాన్న కూతురే."

అంతా రాసుకున్నాక కొమ్ముమీద చెయ్యి వేయబోయిందట. జోస్ట్ ఆగమన్నాడు. టోపీ తీశాడు. నెర్రెలోకి చూస్తూ, పొరుగింటి వాకిట్లో నిలబడి పిలిచినట్టు పైకే అన్నాడు: "అయ్యా, అందరినీ అడిగాం. ఎవరూ తమదనలేదు. నీదేనని తెలిసింది. తవ్వుకోవడానికి రాలేదు. ఇది ఎండకు పాడైపోకుండా తీసుకెళుతున్నాం."

"మరి నువ్వేం చేశావు?" అన్నాను.

"నేనూ టోపీ తీశాను. ఏం చేయమంటావు? అడిగే పద్ధతి అదే కదా."

మెల్క్ చెబుతున్నంతసేపూ జోస్ట్ సూప్ గిన్నెలోంచి తల ఎత్తలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాత గ్రిట్లి జోస్ట్ గునపాన్ని అడిగి తీసుకుని కొమ్ము పక్కన పెట్టింది. రాతి సందులో దూర్చి ఒత్తి ఒత్తి రెండింటి కొసలూ ఒకే పక్కకు అరిగి ఉన్నాయి. ఒకే వాలు. నలుగురమూ వంగి చూశాం.  కొమ్ముమీద చెయ్యి వేయాలనిపించింది. వేయలేదు. గ్రిట్లి నా చెయ్యి పట్టుకుని, తనే వేయించింది. ఒక్క వేలు.

ఆగస్టు 20

నగరంనుంచి గ్రిట్లి పెద్దలు వచ్చారు. గొయ్యి పూడ్చక్కర్లేదు. ఇంకో మూడు వేసవులు ఇచ్చారు. వాళ్ళు అడిగినవాటికన్నిటికీ జవాబు చెప్పింది. తెలియనిచోట తెలియదంది. అదే ఎక్కువ నచ్చింది నాకు.

మెల్క్ పేకముక్కలు తెచ్చాడు. జోస్ట్ ఓడిపోయాడు. సంతోషంగానే ఓడిపోయాడు.

సెప్టెంబర్ 10

గ్రిట్లి ఒక్కతే పరుగున ఎక్కి వచ్చింది. కొమ్ము వయసు తేలింది. ఎనిమిది వేల ఏళ్ళ పైమాటే.

నాకు ఆ అంకె తలలో పట్టలేదు. గ్రిట్లి నిదానంగా చెప్పింది. అప్పటికి ఈ లోయలో ఊరు లేదు. ఆవు లేదు. చీజ్ లేదు. మనం మొక్కే పునీతుల్లో ఒక్కరూ పుట్టలేదు. మనిషి మాత్రం ఉన్నాడు. కనుమ దాకా ఎక్కాడు, రాతిలో వెలుగును కనిపెట్టాడు, పని ఆపి దిగేటప్పుడు వాకిట కొమ్ము అడ్డం పెట్టి వెళ్ళాడు.

"నెర్రె ఖాళీ కాలేదు పెద్దక్కా. వెనకవైపు పెద్ద స్ఫటికాలు ఇంకా నిలబడే ఉన్నాయి. మళ్ళీ వద్దామనుకున్నాడు. ఏమయిందో, రాలేకపోయాడు."

జోస్ట్ కిటికీ దగ్గర ఉన్నాడు. "అయితే ఇంకా ఆయనదే," అన్నాడు.

"మన పెచ్చులతో పోల్చడానికి కావలసింది నేల మీది ముక్కల్లోనే దొరికింది అన్నయ్యా. నిలబడ్డవి తీయక్కర్లేదని రాసిచ్చాను."

జోస్ట్ బల్ల దగ్గరకు వచ్చాడు. తర్వాత ఆమె పళ్ళెంలో తన ముక్క చీజ్ కూడా వేశాడు. చిన్నప్పటినుంచీ వాడికి తెలిసిన ముద్దు అదొక్కటే.

మెల్క్ సంగతి విని అన్నాడు: "అదంతా బాగానే ఉంది. కొమ్ము మ్యూజియంకు పోయింది. వాకిలి తెరిచి ఉంది. రేపు పరాయి ఊరివాడు ఎవడో వస్తే ఎవరిదనుకుంటాడు?"



సెప్టెంబర్ 14, పవిత్ర సిలువ పండుగ

రేపు కిందికి దిగుతాం. కాగు కడిగి బోర్లించాను.

మొన్న పొద్దున మెల్క్ చంకలో దుప్పికొమ్ము పెట్టుకుని వచ్చాడు. ఎన్నో ఏళ్ళుగా తన గుమ్మంమీద ఉన్నదే. అక్షరాలు చెక్కలేదు. ముగ్గురూ పైకి వెళ్ళారు. పాతది ఉన్నచోటే, గ్రిట్లి బొమ్మ చూసుకుంటూ, అదే వంపులో అడ్డం పెట్టి ఇవాళ మధ్యాహ్నం దిగి వచ్చారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో గ్రిట్లి మ్యూజియంవాళ్ళకు రాసి పంపుతుందట.

"లేకపోతే ఇంకో ఎనిమిది వేల ఏళ్ళకు ఎవరో వచ్చి మెల్క్‌గారి గురించి పుస్తకం రాసేస్తారు," అంది.

"రాయనీ. అందగాడినని రాస్తారు," అన్నాడు మెల్క్.

"దంతాలు దొరుకుతాయిగా. అంత మాట రాయరు," అన్నాడు జోస్ట్.

మెల్క్ చీకటి పడకముందే తన కొండకు వెళ్ళిపోయాడు.

ఈ ఏటికి ఆఖరి పిలుపు. గరాటు తీసుకుని బండ ఎక్కాను. నాలుగు దిక్కులా పిలిచాక గరాటును కనుమవైపు తిప్పాను. అటు ఎప్పుడూ తిప్పలేదు. అటు మనవాళ్ళు ఎవరూ ఉండరు. పేరు తెలియనివాణ్ణి ఏమని అప్పగించాలి? వాకిట కొమ్ము పెట్టి వెళ్ళినవాడు అన్నాను. మరియమాతకు తెలియకుండా ఉంటుందా. గొంతు బాగా తెరుచుకుంది. కనుమదాకా వెళ్ళింది.

గరాటు దించాను. 

అప్పుడు ఎదుటి కొండనుంచి కూత వచ్చింది. మునుపటంత ఎత్తుకు పోలేదు. మధ్యలో కాస్త జీరపోయింది. అయినా ఆగకుండా, పూర్తిగా వచ్చింది.

లోపల పొయ్యిమీద పాలు పొంగుతున్న వాసన. బండ దిగలేదు.